వెండి తొడిగిన గాజు పూలకూజాలు



గడచిన శ్రావణమాసములో నొకనాటి మధ్యాహ్నము మా పొరుగింటి యత్తయ్యగారు చీరకొంగు క్రింద నొక మూటను దాచుకొని మా యింటికి వచ్చిరి. ఆమె మాకు చుట్టము కాదు. పదియేండ్లుగా ప్రక్కప్రక్కనే నివసించుటచే వరుస కలిపి పిలుచుకొనుచున్నాము. మూట విప్పగా నందులో నొక గాజు పూలకూజాయు, దాని జతకూజా ముక్కలును కనబడినవి. జానెడు ఎత్తు. ఆకుపచ్చని గాజుమీద వెండితీగెలు ప్రాకి, మొగ్గలు తొడిగి, పూచినట్లున్న పని యది.

“ఈ జత మా తాతగారి నాటిది. ఆయన జమీందారుల కొలువున నుండగా వారింటి పెండ్లిలో బహుమానముగా వచ్చినదట. నన్ను కాపురమునకు పంపునప్పుడు మా యమ్మ సారెలో నుంచినది. మనుమరాలి కళాశాల రుసుమునకు పైకము చాలక నిన్న వెండికొట్టునకు తీసికొనిపోతిని. ‘గాజునకు వెల లేదమ్మా, వెండి యెంత తూగిన నంతే’ యని యాతడు గుడ్డలో చుట్టి యొకదానిని నా కన్నులయెదుటనే పగులగొట్టినాడు. తూచగా 38 గ్రాములు వచ్చినది. రుసుములో పదవవంతునకైన చాలదు. ఆ చప్పుడు విన్న తోడనే రెండవదానిని చేతిలోనికి లాగుకొని, యీ ముక్కలనుగూడ మూటగట్టుకొని వచ్చితిని. అమ్మాయీ, నీవు చదువుకొన్నదానవు. దీనికి గాజుతో కూడ విలువ కలదా? లేక యిది నా పిచ్చి మమకారమా?” అని యామె యడిగిరి.

ఆ పూట మాయొద్ద సమాధానము లేకపోయెను. మేము తండ్రిగారియొద్ద చదివినది కావ్యములు, నిఘంటువు. ఆ నిఘంటువులో వెండికి పర్యాయపదములు దొరకునే గాని, యీ కూజా వెల దొరకదు గదా. మా వారు పాఠశాల గ్రంథాలయమునుండియు, పట్టణములోని మిత్రులయొద్దనుండియు గాజుపనిని గూర్చిన పుస్తకములు తెచ్చియిచ్చిరి. రెండు మాసములు వానిని తిరుగవేసి, కూజాను ముందుంచుకొని, ముక్కలను భూతద్దముతో పరీక్షించి నేర్చుకొన్న సంగతులనే యిచట విన్నవించుచున్నాము. ఇట్టి వస్తువు ఏ యింటి బీరువాలోనో, అటకమీదనో యుండవచ్చును. దానిని పగులగొట్టకముందే తెలిసికొనుట మేలు.

మొదట నిది యెట్లు తయారగునో తెలిసికొందము. వస్తువు పుట్టుక తెలిసినగాని దాని గుర్తులు పట్టుబడవు. మన దేశమున బీదరు పని ప్రసిద్ధము. అందు నల్లని లోహపాత్రమీద గాడులు చెక్కి, ఆ గాడులలో వెండిని కొట్టి కూర్చుదురు. గాజుమీద నట్లు చేయ వీలులేదు. సుత్తిదెబ్బకు గాజు నిలువదు. ఈ చిక్కును విడదీసినది విద్యుచ్ఛక్తి. 1840లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము పట్టణమున ఎల్కింగ్టనువారు విద్యుత్తుచే లోహముమీద వెండిపూత వేయు పద్ధతికి పేటెంటు పొందిరి. వెండి కఱగియున్న ద్రవములో పాత్రను ముంచి విద్యుత్తును ప్రవహింపజేసినచో వెండి పాత్రమీదికి చేరును. కాని విద్యుత్తు గాజుగుండ ప్రవహింపదు. కావున గాజుమీద విద్యుత్తుచే వెండిని నిలుపుట మఱి కొన్నిదశాబ్దములవరకు సాధ్యపడలేదు.

1880 దాటినపిమ్మట బర్మింగ్‌హాములోనే ఆస్కర్ పియేర్ ఎరార్డు అను నతడు మార్గమును కనుగొనెను. స్టౌర్‌బ్రిడ్జి ప్రాంతమందలి స్టీవెన్స్ అండ్ విలియమ్స్ వారి గాజుసామానుమీద నతని పని ప్రయోగింపబడినది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు న్యూవార్క్ నగరవాసి జాన్ షార్లింగ్ 1893లో తన పద్ధతికి పేటెంటు తీసికొనెను. వివరములలో భేదమున్నను సూత్ర మొక్కటే. వెండిపొడిని, సులభముగా కఱగెడి గాజువంటి పదార్థమును, టర్పెంటైను నూనెలో కలిపి సిరావలె చేయుదురు. ఆ సిరాతో కుంచె పట్టి గాజుమీద పూలు, తీగెలు వ్రాయుదురు. పిమ్మట బట్టీలో కాల్చగా ఆ వ్రాత గాజునకు గట్టిగా నంటుకొనును. ఇక పాత్రను వెండిద్రావకమున ముంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో వ్రాసిన చోటుననే వెండి పేరుకొనును, వ్రాయని గాజు గాజుగానే యుండును. గంటల తరబడి యుంచి, పొర మందమైన పిమ్మట వెలికి తీసి మెఱుగుపెట్టుదురు. తుదకు పనివాడు ఉలి చేతబట్టి రేకులకు ఈనెలు, ఆకులకు నరములు చెక్కును. కుంచె పట్టినవాడు, బట్టీ చూచినవాడు, ఉలి పట్టినవాడు ముగ్గురును కుదురుగా పనిచేసినగాని యొక కూజా పూర్తికాదు. ఆ ముగ్గురి శ్రమకు తక్కెడలో తూనికరాయి లేదు.

ఈ విధముగా పెరిగిన వెండి యించుమించు స్వచ్ఛమైనది. ఆంగ్లదేశపు ‘స్టెర్లింగ్’ వెండిలో వేయింట 925 పాళ్లే వెండి. తక్కినది సాధారణముగ రాగి. గాజుమీద పేరుకొన్న దానిలో వేయింట 999 పాళ్లు వెండియే. కావుననే న్యూజెర్సీయందలి ఆల్విన్ సంస్థవంటివారు తమ వస్తువులమీద 999/1000 అని ముద్రించుచుండిరి. రోడ్ ఐలండ్ రాష్ట్రమున ప్రావిడెన్సు నగరమందలి గోరమ్ సంస్థవారి సామానుమీద సింహము, లంగరు, ఆంగ్లాక్షరమగు జి కనబడును. ఇట్టి పనికి మంచికాలము 1890 మొదలు 1920 వఱకు నడచినదని చెప్పవచ్చును.

వెండివారు వేఱు, గాజువారు వేఱు అని మఱువరాదు. కొన్ని కూజాలకు వెల యెక్కువగుట వెండివలన గాక క్రిందనున్న గాజువలననే. ఈ సందర్భమున బొహీమియా దేశపు లోట్జ్ కర్మాగారమును గూర్చి చెప్పకుండ నుండలేము. నేటి చెక్ రాజ్యములోని అడవికొండల నడుమ క్లాష్టెర్‌స్కీ మ్లీన్ అను పల్లెయందు 1836లో నొక గాజుబట్టీ స్థాపింపబడినది. 1851లో దానిని ఫ్రాంజ్ గెర్‌స్ట్‌నర్ అనువాడు కొని, తాను మరణింపకముందే భార్య సుసాన పేర వ్రాసియిచ్చెను. సుసాన అంతకుపూర్వము యోహాన్ లోట్జ్ అను గాజుపనివాని భార్య. అతడు మరణించినపిమ్మట గెర్‌స్ట్‌నర్‌ను పెండ్లాడినది. 1855లో రెండవ భర్తయు పోయెను. ఆమె వెనుదీయక కర్మాగారమును తానే నడపి వృద్ధిచేసి, ‘యోహాన్ లోట్జ్ విధవ’ అని దానికి పేరుపెట్టెను. లోకమున నెందఱో స్త్రీలు దాచుకొనవలసివచ్చిన మాటను ఆమె తన యంగడి పలకమీద వ్రాయించినది! 1879లో మనుమడగు మాక్సిమిలియన్ ఫాన్ స్పౌన్ చేతికి దానినప్పగించెను. అతని కాలమున నెమలిపింఛమువలెను, నీటిమీది నూనెవలెను రంగులు మాఱెడి గాజు తయారై, 1900లో పారిస్ నగరపు ప్రపంచప్రదర్శనమున మహాబహుమానము పొందినది. ఆ గాజును తెప్పించుకొని అమెరికాలో వెండి తొడిగిన కూజాలు నేడు మిక్కిలి వెల పలుకునవి. ఆ కర్మాగారము 1947లో మూతబడినది.

ఇట్టి విదేశపు గాజు మన యిండ్లకెట్లు వచ్చినదని సందేహింప నక్కఱలేదు. 19వ శతాబ్దమున బర్మింగ్‌హామునకు చెందిన ఆస్లర్ సంస్థవారు కలకత్తాలోనే యంగడి నడపిరి. సంస్థానాధీశులు, జమీందారులు దీపవృక్షములు, కూజాలు తెప్పించుకొనిరి. పెండ్లిండ్లలోను, కొలువుదీరినప్పుడును వానిలో గొన్ని ఉద్యోగుల యిండ్లకు చేరినవి. హైదరాబాదునందు 1951లో ప్రజలకు తెఱవబడిన సాలార్‌జంగు ప్రదర్శనశాలలో నైరోపా గాజుసామానునకు ప్రత్యేకముగ చోటు కలదు. అవకాశమున్న సోదరీమణులు ఒకమాఱు చూచిరండు. కంటికి మంచిగాజు పరిచయమగును.

ఇక పరీక్ష. మేమొకనాటి రాత్రి అత్తయ్యగారి కూజాను మెత్తని తువాలుమీద నుంచి వరుసగా చూచితిమి. మీరును అట్లే చేయవచ్చును.

మొదట గోటి పరీక్ష. వెండి అంచున గోటిని మెల్లగా జార్చినచో నిజమైన తొడుగు మెట్టువలె తగులును. రంగుతో వ్రాసినదియైన గోరు జాఱిపోవును. ‘సిల్వర్ డిపాజిట్’ అని చౌకరకమొకటి కలదు. పద్ధతి యిదియే గాని పొర మిక్కిలి పలుచన, చెక్కడము కొంచెము. అందు మెట్టు తగిలియు తగలనట్లుండును.

రెండవది వెనుకవైపు పరీక్ష. గాజు పలుచని రంగుదైనచో పాత్రలోపలినుండి దీపపు వెలుతురున వెండి వెనుకను చూడుడు. పైన నద్దమువలె మెఱయు వెండి వెనుకభాగమున మెఱుపు లేక తెల్లగానో బూడిదరంగుగానో యుండును. అదియే బట్టీలో కాల్చిన తొలి వ్రాత. ఈ సంగతి మాకు తెలిపినవి ఆ విఱిగిన ముక్కలే. చిన్న పెంకును త్రిప్పిచూడగా వెండి గాజునకెట్లు కఱచుకొనియున్నదో స్పష్టమైనది.

మూడవది నలుపు. వెండి గాలిలోని గంధకముచే నల్లబడును. సందులలోను, చెక్కడపు గీతలలోను నలుపు చేరియున్నచో సంతోషింపవలయునే గాని చింతింపరాదు. ఎన్నియేండ్లైనను నలుపెక్కక వెలవెల మెఱయునది రంగో, వేఱు లోహమో యైయుండును.

నాలుగవది చెక్కడము. చేతితో చెక్కిన గీత మొదట సన్నమై, నడుమ లోతై, కొనయందు మఱల సన్నమగును. రెండు రేకులు ఒక్కరీతిగ నుండవు. యంత్రముతో నొత్తినవి అన్నియు నొక్కటే యచ్చు.

ఐదవది అడుగుభాగము. చేతితో నూదిన గాజును కడ్డీనుండి విడదీసినచోట మచ్చయుండును. మంచిపనివారు దానిని సానబట్టి నునుపైన పల్లెముగ చేయుదురు. నూఱేండ్లు బల్లలమీద కూర్చున్న కూజా పాదమున సన్నని గీతలు దిక్కుదిక్కులకు పోవును. ఒక్క దిక్కుననే వరుసగా నున్న గీతలు గరుకుకాగితముతో తెచ్చిపెట్టిన ముసలితనము.

ఆఱవది ముద్ర. ఇది సాధారణముగ వెండిమీదనే, అడుగంచునొద్ద నతి సూక్ష్మముగ నుండును. అత్తయ్యగారి కూజామీద ముద్ర తోమితోమి యఱిగిపోయినది. భూతద్దమునకు గూడ రెండు సున్నలవంటి నీడలు మాత్రమే కనబడినవి. మేము నిరుత్సాహపడి ముక్కలను మూటలో సర్దుచుండగా, పగిలినదాని యడుగుపెంకుమీద 999/1000 అను నంకెలును, పేటెంటు పొందినదను ఆంగ్లపదమును, ఒక వరుససంఖ్యయు చెక్కుచెదరక కనబడినవి! పోయిన కూజా బ్రతికియున్న తన జతకొఱకు సాక్ష్యము చెప్పినట్లాయెను. అత్తయ్యగారా పెంకును కొంగున తుడిచి చాలసేపు చేతనే యుంచుకొనిరి.

ముద్రను గూర్చి యొక హెచ్చరిక. ముద్ర లేనంతమాత్రమున వస్తువు నకిలీ కాదు. ఉన్నంతమాత్రమున నిజమును గాదు. లోట్జ్ వారి గాజులో నధికభాగమునకు సంతకమే లేదు. అమెరికాకు పోవు సరకుమీద 1891 మొదలు పుట్టిన దేశము పేరు వేయవలసివచ్చినందున కొన్నిటిమీద ‘లోట్జ్ ఆస్ట్రియా’ అని యుండును. ఈ కారణముచేతనే లాభాపేక్షగలవారు సంతకము లేని గాజుమీద నేడు సంతకమును గీయుచున్నారు. గాజు, వెండి, చెక్కడము, అడుగు నాలుగును ఒక్కమాట చెప్పినపిమ్మటనే ముద్రను నమ్మవలయును. దేశము పేరు కాలమునుగూడ తెలుపును. ‘చెకోస్లొవాకియా’ అని యున్నవస్తువు 1918నకు పూర్వపుది కానేరదు, ఆ రాజ్యము పుట్టినదే అప్పుడు.

దీనితో కలిపివేయుచుండు మఱియొక జాతి కలదు. దానిని పాదరసపు గాజు అందురు గాని, సాధారణముగ నందు పాదరసముండదు. రెండు పొరల గాజుగోడల నడుమ, అడుగునందలి రంధ్రముగుండ వెండిలవణపు ద్రావకమును పోసి, లోపలిగోడలకు వెండి పట్టించి, మిగిలిన ద్రావకమును వంచివేసి రంధ్రమును మూసివేయుదురు. లండనులో ఎడ్వర్డ్ వార్నిష్, హేల్ టాంసన్ అనువారు 1849లో దీనికి పేటెంటు పొందిరి. 1851లో లండను మహాప్రదర్శనమున దీనిని ప్రజలు చూచి యబ్బురపడిరి. ఇందు వెండి గాజులోపల నుండును గాని పైన నుండదు. వారి కూజాల యడుగున మూతబిళ్లమీద వారి పేరుండును. మూత యూడి గాలి చొరబడినచో లోపలివెండి నల్లబడి మచ్చలు పడును. ఆ మచ్చలకు తిరుగులేదు. నేటి బజారులలో ‘మెర్క్యురీ గ్లాస్’ అని యమ్మెడివి తఱచుగ నొంటిపొర గాజునకు లోపల వెండిరంగు చల్లినవి. రెండుగోడలు లేకున్నను, అడుగున మూసిన రంధ్రము లేకున్నను అది నేటిదే.

ఇక వెలమాట. వెల నిర్ణయించునవి యైదు: గాజు రంగు, వెండిపని, చేసినవారు, స్థితి, జత. తెల్లగాజు చాల దొరకును. ఆకుపచ్చ యంతకన్న తక్కువ. నీలము, ఎఱుపు అరుదు. వెండి యెంత దట్టముగ గాజును కప్పినది, చెక్కడమెంత జీవముగ నున్నది చూడవలయును. పలుచని డిపాజిట్ పని గల తెల్లగాజు గిన్నెలు అమెరికాలో కొన్ని పదుల డాలర్లకే దొరకును. దట్టమైన తొడుగు గల యాకుపచ్చ కూజా కొన్నివందల డాలర్లు పలుకును, పెద్దది వేయిని దాటును. లోట్జ్ గాజుమీది మంచిపని వేలకు పోవును. అయితే అమ్మదలచినవాడు చెప్పిన వెల వేఱు, వేలములో నిజముగ చెల్లిన వెల వేఱు. సరిపోల్చుటకు చెల్లిన వెలనే చూడవలయును.

స్థితియందు రెండు దోషములు పెద్దవి. వెండి క్రింద దాగిన గాజుపగులు మొదటిది. దీపమును లోపలనుంచి త్రిప్పిచూచినచో పగులు మెఱుపుతీగెవలె తళుక్కుమనును. వెండితీగె యొకచోట లేచియుండుట, ఊడియుండుట రెండవది. దీనిని మరల బట్టీలోబెట్టి యతికించుట సాధ్యముకాదు. బంకపెట్టినచో వెల యింకను తగ్గును. జత విషయము అత్తయ్యగారికి చెప్పుటకు మాకు నోరాడలేదు గాని చెప్పవలసివచ్చినది. జత వెల ఒంటిదానికి రెండింతలు కాదు, అంతకు మించును.

మన దేశమున నొక చట్టమునుగూడ గమనింపవలయును. 1972నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము నూఱేండ్లు నిండిన శిల్పచిత్రకళావస్తువులను ప్రైవేటువ్యక్తులు విదేశములకు పంపరాదు. పురావస్తువుల వ్యాపారము చేయువానికి లైసెన్సు ఉండవలయును. కావున అమెరికా వెలను రూపాయలలోనికి మార్చి యంతయు చేతికి వచ్చునని యాశపడరాదు. “సముద్రము దాటించి యెక్కువ యిప్పించెద” నని యెవడైన చెప్పినచో వాని చేతికి వస్తువు నీయరాదు. లైసెన్సు చూపిన వ్యాపారులను ముగ్గురినైన నడిగి, వెల వ్రాతమూలముగ తీసికొని, పిమ్మటనే నిర్ణయింపవలయును. తూకముతో మాట మొదలుపెట్టినవానియొద్ద నిలువ నక్కఱలేదు.

శుభ్రపఱచుటను గూర్చి మా తప్పునే ముందు చెప్పుకొందుము. మా యమ్మ యిచ్చిన బంగారుపూత గల గాజుపాత్రను, పండుగనాడు ఇత్తడిసామానుతో కలిపి చింతపండుతోను ముగ్గుపిండితోను తోమితిమి. అంచుననున్న బంగారుగీత సగము చేతికంటుకొని వచ్చినది. గాజుమీది బంగారుపూత వెండితొడుగుకన్న నెంతో పలుచన యని యప్పుడెఱుగము. అమ్మ యేమియు ననలేదు. నేటికిని ఆ పాత్రను చూచినప్పుడెల్ల మాకు సిగ్గగును. కావున చింతపండు, బూడిద, ఇటుకపొడి, పీచు, అంగడిలో నమ్మెడి ముంచుద్రావకములు వీని దరికి రానీయకుడు. గోరువెచ్చని నీటిలో రెండు బొట్లు మెత్తని సబ్బునీరు వేసి, నూలుగుడ్డతో నద్ది, వెంటనే తడి లేకుండ తుడిచిన చాలును. గీతలలోని నలుపును తీయకుడు. పూవునకు నీడ నిచ్చునది యదియే. ముద్రయున్నచోట రుద్దనే రుద్దరాదు. లోపల నీరు నిలువయుంచినచో గాజు తెల్లగ మసకబాఱును. పూలు పెట్టవలెనని ముచ్చటైనచో లోపల వేఱొక చిన్నపాత్ర నుంచుడు. రబ్బరును దగ్గఱ నుంచకుడు. అందలి గంధకము వెండిని నల్లపఱచును.

అత్తయ్యగారి కథ ముగింపవలసియున్నది. కూజాకు నలుదిక్కుల ఛాయాచిత్రములు తీసి, అడుగుపెంకుమీది ముద్రను పెద్దదిగ చేసి, ముగ్గురు వ్యాపారులకు పంపితిమి. ఒకడు బదులు వ్రాయలేదు. ఒకడు వెండి తూకమడిగెను. మూడవయాతడు హైదరాబాదునుండి వచ్చి, లైసెన్సు చూపి, అరగంటసేపు మౌనముగ పరీక్షించెను. మూతియొద్ద నొక తీగెకొన లేచియున్నదనియు, లోపల నీటిమసక కలదనియు చెప్పి కొంత తగ్గించెను. ఆ రెండును నిజమే. అయినను ఆతడిచ్చిన పైకముతో మనుమరాలి యీయేటి రుసుము చెల్లి, పుస్తకములకు గొంత మిగిలినది. పోవుచు ముక్కలవైపు చూచి, “అమ్మా, ఇదియు నిలిచియున్నచో నేటి దానికి రెండింతలకు మించి యిచ్చియుందును” అనెను. అత్తయ్యగారు తల యూచిరి గాని బదులాడలేదు.

ఆ ముక్కలనుగూడ కొందునని యాతడన్నను ఆమె యీయలేదు. మఱునాడు మనుమరాలు కళాశాలకు బయలుదేఱునప్పుడు, అంకెలున్న యా యడుగుపెంకును పట్టుగుడ్డలో చుట్టి దాని పెట్టెలో నుంచిరి. “దీనికి వెల లేదనినవాడు మొదట తూచినాడు, చదివినవాడు తరువాత చూచినాడు. నీవు చదువుకొని రమ్ము” అని మాత్రము చెప్పిరి.

మేము నేర్చుకొన్నదియు నంతే. మన పుట్టిండ్లనుండి వచ్చిన వస్తువు అమ్మవలసిన దినము రావచ్చును; అమ్ముటలో తప్పులేదు, పిల్లల చదువుకన్న కూజా యెక్కువ కాదు. తూచుటకు తొందరపడక, దీపము వెలిగించి, త్రిప్పి చూచి, నలుగురినడిగి అమ్ముడు. అమ్మినదానిని మఱల కొనవచ్చును. పగులగొట్టినదానిని ఎవ్వరును తిరిగి యీయలేరు.